నేలమాళిగ వాళ్ల రెండో ఆల్బం

మా మొదటి ఆల్బంలో నా గొంతు ఎవరికీ వినపడలేదు. గాయకుడిగా నాకున్న పేరంతా అందువల్ల వచ్చిందే.

మాది నలుగురి బ్యాండు. పేరు ‘నేలమాళిగ’. అన్నయ్య గిటారు, వదిన బేస్ గిటారు, ఉరుము అని మేం పిలుచుకునే బస్సు డ్రైవరు డ్రమ్స్, నేను గాత్రం. మేం వాయించేదాన్ని పోస్ట్ పంక్ అంటారు. అదేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే వివరణ టీ చల్లారినా ముగిసేది కాదు. వదిన ఒక్క ముక్కలో తేల్చేసేది. “పంక్ వాళ్లకి కోపమొస్తే అరుస్తారు. మాకు కోపమొస్తే మూల కూర్చుని గొణుగుతాం.”

ఆ గొణుగుడికి ఒక పద్ధతుంది. బేస్ ముందు నడుస్తుంది. గిటారు ఎక్కడో దూరంగా చలికి వణుకుతున్నట్టు మోగుతుంది. డ్రమ్స్ ఊపిరి తీసుకోకుండా ఒకే పట్టున పోతాయి. వీటన్నిటి మీదా ఒక మనిషి బావిలోంచి మాట్లాడుతున్నట్టు పాడతాడు. ఆ బావిలో మనిషిని నేనే.

స్టేజి మీద నల్లకోటు వేసుకుని, కళ్లకి దట్టంగా కాటుక పెట్టుకుని, ప్రేక్షకుల వంక కాకుండా వాళ్ల తలల మీదుగా గోడవైపు చూస్తూ పాడేవాణ్ణి. అందుకే ఉరుము నన్ను ‘కాటుక’ అనేవాడు. పగలు మాత్రం టైల్స్ దుకాణంలో సేల్స్‌మన్‌ని. స్నానాల గదికి ఏ రంగు బాగుంటుంది, వంటింటి గట్టుకి ఏది మరక పట్టదు, ఇదీ నా విద్య. కచేరీ మర్నాడు కాటుక పూర్తిగా పోయేది కాదు. మా యజమాని జాలిపడి, “కళ్లకలక ఇంకా తగ్గలేదేంటయ్యా, కస్టమర్లకి దూరంగా నిలబడు” అనేవాడు. మృత్యువు గురించి పాడే మనిషిని పట్టుకుని చుక్కల మందు వేసుకోమనేవాడు.

మొదటి ఆల్బంని అన్నయ్య వాళ్ల ఆఫీసు భవనం కింద, సామాన్లు పడేసే గదిలో రికార్డు చేశాం. పక్కనే నీళ్లు పైకెక్కించే మోటారు. అది ఎప్పుడు తిరుగుతుందో ఎప్పుడు ఆగుతుందో దానికే తెలీదు. ప్రతి పాటలోనూ దాని మూలుగు పడింది. ఒక సంగీత పత్రిక విమర్శకుడు దాన్ని విని ఏం రాశాడంటే, “పాటల అడుగున నిరంతరం వినిపించే ఆ హోరు మరణం తీసుకుంటున్న శ్వాసలా ఉంది. గాయకుడి మాటలు మనకు అర్థం కాకపోవడమే ఈ కాలపు విషాదం” అని. మేం నలుగురం ఆ వాక్యాలు పదేపదే చదువుకున్నాం. మోటారు సంగతి ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

మా ఇంట్లో ఆ ఆల్బం పెడితే అమ్మ మాత్రం మొదటి పాట సగంలోనే లేచి నిలబడింది. “మోటారు ఆపడం మర్చిపోయార్రా” అని చెప్పి బట్టలు మడత పెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

రెండో ఆల్బం సంగతి వచ్చేసరికి వదిన అడ్డంగా కూర్చుంది. ఆవిడ బళ్లో కెమిస్ట్రీ టీచరు. ఏ మాటైనా నెమ్మదిగా అంటుంది, అన్నాక మార్చుకోదు.

“ఈసారి వినపడాలి” అంది.

“ఏం వినపడాలి?” అన్నాను.

“అన్నీ. నా బేస్ వినపడాలి. మీ అన్నయ్య ఏం వాయిస్తున్నాడో ఆయనకైనా వినపడాలి. మనం లేబుల్ లేని సీసాలో ఏదో పోసి జనాన్ని బెదిరిస్తున్నాం. మూత తీసి చూపిద్దాం.”

మూత తీస్తే లోపల చక్కెర నీళ్లు ఉంటాయేమోనని నా భయం. ఆ మాట పైకి అనలేదు. “చీకటికి నునుపెక్కువైతే అది చీకటే కాదు వదినా” అన్నాను. ఇలాంటి మాటలు నాకు అప్పట్లో తన్నుకుని వచ్చేవి. ఉరుము చేతులెత్తి వదిన వైపే ఓటేశాడు. అన్నయ్య వదిన ఎటు చూస్తే అటే చూశాడు.

అలా చెప్పుల దుకాణం మీదున్న ఒక స్టూడియోకి చేరాం. గోడలకి స్పాంజి పలకలు, కిటికీలో చిన్న మొక్క, బల్ల మీద ఫ్లాస్కు. రికార్డింగ్ చేసే ఆవిడని అందరూ మేడమ్ అనేవారు, మేమూ అలాగే అన్నాం. స్వెట్టరు వేసుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దింపుకుని, ఎవరు ఏం చెప్పినా తల పంకించేది. అంతకుముందు ఆవిడ చేసినవన్నీ సబ్బు ప్రకటనలు, టూత్‌పేస్టు ప్రకటనలు, పిల్లల పాటలు.

మా మొదటి ఆల్బంని ఆవిడ కళ్లు మూసుకుని ఓపిగ్గా విని, “ఇందులో పాటలు ఉన్నాయండి. బురద కడిగితే బయటపడతాయి” అంది. వదిన మొహం వెలిగిపోయింది. నేను కోటు కాలరు పైకి లేపుకున్నాను.

రికార్డింగ్ చకచకా సాగింది. తీసినదంతా వినడానికి ఒక సాయంత్రం అందరం కూర్చున్నాం. బేస్ మొదలైంది. ఇన్నేళ్లూ వదిన వాయించేది బేస్ అని తెలుసుగానీ అది అంత బాగుంటుందని నాకు తెలీదు. వెన్నులోంచి నడిచినట్టు నడిచింది. గిటారు గాజు మీద వానచుక్క పడ్డట్టు పడింది. అన్నయ్య తన చేతుల వంక చూసుకున్నాడు. డ్రమ్స్ ఒక్కొక్క దెబ్బా విడివిడిగా, కడిగి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. ఉరుము “ఇది నేనేనా?” అని రెండుసార్లు అడిగాడు.

అప్పుడు నా గొంతు వచ్చింది.

*చావు నా చుట్టం,*
*చీకటి నా పట్టం,*
*నా గుండె ఒక మట్టం...*

ప్రతి అక్షరం వినపడింది. ఒత్తులతో సహా. ఉరుము ఈ పాటకి ఏళ్ల తరబడి డ్రమ్స్ వాయిస్తున్నాడు. ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు నా వైపు తిరిగాడు.

“చావు నీకు చుట్టమా?”

“ఊ.”

“ఏ వైపు చుట్టం? అమ్మ వైపా, నాన్న వైపా?”

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఈలోగా అన్నయ్య అందుకున్నాడు. “ఒరేయ్, మట్టం అంటే టైల్స్ వేసేవాళ్లు సమంగా ఉందో లేదో చూసుకునేదే కదా?”

“అదే.”

“నీ గుండె అదెందుకైంది?”

“ప్రాస కుదిరింది” అన్నాను.

వదిన నవ్వకుండా ఉండటానికి పెదవి కొరుక్కుంది. మేడమ్ మాత్రం చాలా మర్యాదగా, “మాటల సంగతి మీ ఇష్టమండి. గొంతు గురించి ఒకటి చెప్పొచ్చా?” అంది.

“చెప్పండి.”

“ఇందాక మీరు ఇంకో కప్పు టీ ఉందా అని అడిగారు చూడండి, ఆ గొంతు బాగుంటుంది. పాడేటప్పుడు లోపలికి ఇంకెవరో వచ్చి కూర్చుంటున్నారు. ఎవరాయన?”

“అది నా కళాత్మక వ్యక్తిత్వం” అన్నాను.

ఆవిడ తల పంకించింది. “ఆయన శ్రుతిలో లేడండి” అంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్నాళ్లూ నేను లోతైనవాణ్ణని జనం అనుకున్నారు, నేనూ అనుకున్నాను. నీళ్లు తేటపడ్డాక చూస్తే మోకాలిదాకా కూడా లేవు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం మానేసి ఒక్కణ్ణే స్టూడియోకి పరిగెత్తాను. “మేడమ్, మేమందరం కలిసి మాట్లాడుకున్నాం. గొంతు కిందికి దించి, బాగా ప్రతిధ్వని పెట్టెయ్యమన్నారు” అని అబద్ధమాడాను. ఆవిడ ఎప్పట్లాగే తల పంకించింది. మీటలు అటూఇటూ జరిపింది. నా గొంతు గోడ అవతలికి వెళ్లింది, తర్వాత వీధి అవతలికి వెళ్లింది. చివరికి పక్క ఊళ్లో ఎవరో బాధపడుతున్నట్టు వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. పోయిన గౌరవమంతా మళ్లీ పొగలో దాక్కుంది. ఆవిడకి దండం పెట్టి, దారిలో అరటిపండు కొనుక్కుని తిని దుకాణానికి వెళ్లాను.

ఆ సాయంత్రం ఒక జంటకి టైల్స్ చూపిస్తున్నాను. ఆయనకి గరుకువి కావాలి, ఆవిడకి మెరిసేవి కావాలి. “మెరిసేవే తీసుకోండి సార్. మరక కనపడితేనే కదా తుడుచుకుంటాం” అని రోజూ చెప్పే మాటే చెబుతున్నాను. జేబులో ఫోను మోగింది. మేడమ్ మా నలుగురికీ కలిపి పాటలు పంపింది. కింద ఒక సందేశం: “మీరందరూ అనుకున్నారని గాయకుడుగారు వచ్చి చెప్పినట్టే గొంతు దించాను. విని చెప్పండి.”

ఆ వెనకే ఉరుము దగ్గర్నించి ఒకే ఒక్క మాట. “ఎవరనుకున్నారు?”

ఇంటికి వెళ్లేసరికి వంటింటి బల్ల చుట్టూ పంచాయతీ సిద్ధంగా ఉంది. అన్నయ్య, వదిన, డ్యూటీ దిగి యూనిఫాం కూడా విప్పకుండా వచ్చిన ఉరుము. బల్ల చివర అమ్మ బఠాణీలు ఒలుస్తోంది. ఆవిడకీ మా గొడవకీ సంబంధం లేదు, బల్ల ఒక్కటే కాబట్టి అక్కడుంది.

“మరిదిగారూ, రండి కూర్చోండి” అంది వదిన. ఆవిడ ‘గారూ’ అంటే నాకు చెమటలు పడతాయి.

“బస్సు నడిపేటప్పుడు అద్దం మీద బురద పడితే తుడుస్తాను బాబూ, దారి భయంకరంగా కనపడుతోంది కదా అని ఇంకాస్త పూసుకోను” అన్నాడు ఉరుము.

“మా ముగ్గురి పేరు చెప్పి అబద్ధం ఎందుకాడావు? నచ్చకపోతే నచ్చలేదని మాతో చెప్పొచ్చుగా” అంది వదిన.

నేను కళ గురించి మొదలుపెట్టాను. స్పష్టత అనేది మార్కెట్టు మన మీద రుద్దే రోగమని, అస్పష్టతలోనే స్వేచ్ఛ ఉందని ఇంకా ఏవేవో అన్నాను. అన్నయ్య ఆవలించాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. అమ్మ ఒలుస్తున్న కాయ చేతిలోనే పట్టుకుని, “ఇంత గొడవ పడుతున్నారు, అసలు ఆ పాటేదో పెట్టండ్రా, విందాం” అంది.

“వద్దమ్మా” అన్నాను.

వదిన అప్పటికే పెట్టేసింది. దించినవి కాదు, తేటగా ఉన్నవి.

అమ్మ ఒలుచుకుంటూ వింది. ‘నాకు ఇల్లు లేదు, నాకు వాకిలి లేదు’ అన్న పాట వచ్చినప్పుడు తలెత్తి వంటిల్లంతా ఒకసారి కలయజూసింది. “ఇల్లు లేకపోవడమేంట్రా చిన్నోడా? ఇది మరి ఎవరిల్లు? పొద్దున నీ గది దులిపింది ఎవరు?” అంది. ఉరుము బల్ల కిందికి వంగి నవ్వుకున్నాడు. చావు చుట్టం పాటకి ఆవిడ ఏమీ అనలేదు, చుట్టాలంటే ఆవిడకి మొదట్నించీ పడదు.

తర్వాత ఆఖరి పాట వచ్చింది. ఆల్బం మొత్తంలో నేను ప్రాణం పెట్టి రాసింది.

*నాన్నా, నీ మౌనం నా మొదటి పాఠం...*

అమ్మ చేతులు ఆగిపోయాయి. “ఎవరి నాన్న?” అంది.

“మన నాన్నేనమ్మా.”

“మీ నాన్న మౌనమా!”

అన్నయ్య పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది.

మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. వేలంపాట కూడా పాటే అనుకుంటే మా వంశంలో మొదటి సంగీతజ్ఞుడు ఆయనే. మార్కెట్టు ఈ చివర బల్లెక్కి అరిస్తే ఆ చివర బండి కట్టుకునేవాడు కూడా తిరిగి చూసేవాడట. ఇంటికొచ్చినా ఆ స్థాయి తగ్గేది కాదు. పళ్లెంలో చివరి ముక్క మిగిలితే దాన్ని పైకెత్తి నాకూ అన్నయ్యకీ మధ్య వేలం పెట్టేవాడు. “ఒకటోసారి! రెండోసారి!” అంటూ మా ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసి, “మూడోసారి!” అని తన నోట్లో వేసుకునేవాడు.

“ఆయన ఒక్క పూట నోరు మూసుకుంటే చూడాలని నేనెంత మొక్కుకున్నానో నీకేం తెలుసు?” అంది అమ్మ. “ఇరుగుపొరుగు మన ఇంట్లో రేడియో ఉందనుకునేవాళ్లు. మౌనమట!”

“నేను రాసింది ఆ రోజుల గురించి కాదమ్మా” అన్నాను. ఎప్పుడూ పాటల గురించి నేను మాట్లాడే గొంతుతో కాదు. “చివర్లో ఆ కొన్ని నెలల గురించి.”

అన్నయ్య నవ్వడం ఆపేశాడు. చివర్లో నాన్నకి గొంతు ఆపరేషనైంది. బతికాడుగానీ మాట రాలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. నేను దుకాణం నుంచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంటే, ఆ ఇల్లు మా ఇల్లులా ఉండేది కాదు. నేను పాటలు రాయడం మొదలుపెట్టింది అప్పుడే. ఆ కుర్చీ గురించి రాయబోయి, రాయలేక, చీకటి గురించి రాశాను. చీకటి గురించైతే ఎంతైనా రాయొచ్చు.

అమ్మ ఒలిచిన బఠాణీలు ఒక పక్కకి తోసింది.

“అప్పుడు మాత్రం మౌనంగా ఎక్కడున్నాడు?” అంది నెమ్మదిగా. “చెంచా పుచ్చుకుని గ్లాసు మీద కొడుతూనే ఉండేవాడు కదరా. మంచినీళ్లకి ఒక రకంగా, కిటికీ వెయ్యమంటే ఒక రకంగా. నేనేదైనా తప్పు చెబితే ఆపకుండా కొట్టేవాడు. నా ప్రాణం తీసేశాడు ఆ చెంచాతో. అది రాయి. ఊరికే మౌనం మౌనం అని మూలిగితే ఎవరికి తెలుస్తుంది ఆయనెవరో?”

వదిన పాట ఆపేసింది. ఉరుము ఒక బఠాణీ నోట్లో వేసుకుని, “అమ్మా, మీరు పాటలు రాస్తారా?” అని అడిగాడు. 

నేనే రాశాను. చాలా కష్టమైంది. ‘శూన్యం’ అని రాయడానికి సిగ్గుపడని మనిషిని ‘చెంచా’ అని రాయడానికి సిగ్గుపడ్డాను. ‘గ్లాసు’ అని రాసి కొట్టేసి ‘పాత్ర’ అని రాసి, మళ్లీ గ్లాసే పెట్టాను. కుర్చీ, కిటికీ, టమాటా గంప. ఒక్క చోట ‘నిశీథి’ దొంగతనంగా లోపలికి వచ్చింది, వదిన చెవి పట్టుకుని బయటికి పంపింది. పాట మొత్తం పాడి వినిపించాక ఉరుము తల గోక్కున్నాడు.

“బాగుందో లేదో నాకు తెలీదు కాటుకా. అర్థమైంది” అన్నాడు.

ఇది పొగడ్తా కాదా అని రెండు రోజులు ఆలోచించాను.

మళ్లీ స్టూడియోకి వెళ్లాం. మేడమ్ నన్ను గాజు గదిలో నిలబెట్టింది. నేను నోరు తెరవగానే ఆ రెండో ఆయన, కళాత్మక వ్యక్తి, పిలవకుండానే వచ్చి బావిలోంచి మొదలుపెట్టాడు. ఎన్నిసార్లు ఆపినా అంతే. చివరికి మేడమ్ ఇటు వైపు నుంచి, “మా ఇంట్లో వంటింటి గోడకి టైల్స్ మార్చాలండి. ఏవి వేసుకోమంటారు?” అంది.

“పొయ్యి వెనకా, సింకు వెనకా?” అన్నాను.

“పొయ్యి వెనక.”

“అయితే పెద్ద పలకలు తీసుకోండి మేడమ్, అతుకులు తక్కువుంటాయి, జిడ్డు పట్టదు...”

“ఆ గొంతు వదలకండి. పాట ఎత్తుకోండి” అంది. అన్నయ్య గిటారు మోగింది. జిడ్డు పట్టని పలకల దగ్గర్నించి మా నాన్న కుర్చీ దాకా ఒకే గొంతుతో వెళ్లిపోయాను. నాకు పాడినట్టే అనిపించలేదు. ఆవిడ మాత్రం మొదటిసారి కళ్లజోడు తీసి తుడుచుకుని, “వచ్చిందండి” అంది.

ఇక పల్లవి మిగిలింది. అక్కడ నాన్న వేలం కేక ఉండాలని వదిన ఆలోచన. అన్నయ్య ప్రయత్నించాడు. బ్యాంకులో టోకెను నంబరు పిలిచినట్టుంది. నేను ప్రయత్నించాను, రెండో ఆయన మళ్లీ వచ్చాడు. ఉరుము అరిస్తే బస్సు బయల్దేరుతున్నట్టుంది.

స్టూడియో ఎలా ఉంటుందో చూస్తానని ఆ రోజు అమ్మ కూడా వచ్చింది. మూల సోఫాలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఇదంతా చూస్తోంది. “అలా కాదురా” అంది ఒకసారి. “అలా కానే కాదు” అంది ఇంకోసారి. మూడోసారి లేచి, సంచీ వదిన చేతికిచ్చి, గాజు గదిలోకి నడిచింది. హెడ్‌ఫోన్లు పెట్టబోతే జుట్టు చెదురుతుందని వద్దంది.

“అమ్మా, మైకుకి కొంచెం...” అని మేడమ్ అనబోతోంది.

“టమాటా! పాతిక గంపలు! పొద్దున కోసిన సరుకు!”

మీటర్ల ముళ్లన్నీ ఎర్రగీత దాటిపోయాయి. మేడమ్ హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేసింది. ఉరుము నిలబడిపోయాడు. అది అమ్మ గొంతే, కానీ ఆ విరుపు, ఆ దీర్ఘం, ‘గంపలు’ దగ్గర ఎడమచెయ్యి గాల్లోకి ఎత్తడం, అదంతా నాన్నే. అమ్మకి ఇది వచ్చని మాకెవరికీ తెలీదు. ఇన్నేళ్లు పక్కనే ఉండి, చెవులు మూసుకుంటూ, అంతా నేర్చేసుకుంది.

“ఒకటోసారి!”

వదిన మెల్లగా బేస్ అందుకుంది.

“రెండోసారి!”

మేం ఎదురుచూశాం. అమ్మ చెయ్యి గాల్లోనే ఉంది. బేస్ ఒక చుట్టు తిరిగొచ్చింది. అమ్మ చెయ్యి దించేసి, గాజులోంచి మా వైపు చూసి, “అంతే” అంది.

“మూడోసారి కూడా ఉంది కదా అత్తయ్యా?” అంది వదిన మైకులోంచి.

“మూడోసారి అంటే సరుకు వెళ్లిపోతుందమ్మా. ఇంక అడగడానికుండదు.” చెంగుతో మెడ తుడుచుకుంది. “నేననను.”

తలుపు తీసుకుని వచ్చి, సంచీ అడిగి తీసుకుని, మళ్లీ సోఫాలో కూర్చుంది. ఎవరూ ఇంకోసారి అనమని అడగలేదు. వదిన తీగలు సరిచూసుకుంటున్నట్టు తల వంచుకుంది. అన్నయ్య బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు. పాడుతూ ఏడిస్తే కాటుక చెంపల మీదికి కారి గొప్పగా ఉంటుందని స్టేజి మీద ఎన్నేళ్లు ప్రయత్నించానో! ఒక్క చుక్క రాలేదు. ఆ రోజు కాటుక పెట్టుకోలేదు.

మేడమ్ ఆల్బం మొత్తం తళతళలాడేలా తయారుచేసింది. అమ్మ కేకలో మాత్రం మైకు తట్టుకోలేక వచ్చిన బరబర అలాగే ఉంచేసింది. “ఇది కడగనండి. చెయ్యి రావట్లేదు” అంది. ఆల్బంకి నేను ముందే అనుకున్న పేరు ‘అంతిమ శూన్యం’. ముగ్గురూ ఒకేసారి వద్దన్నారు. ‘రెండోసారి’ అని పెట్టాం.

విడుదలయ్యాక ఆ పాత విమర్శకుడు రాశాడు. “మొదటి ఆల్బంలోని ఆ మరణశ్వాస ఇందులో లేదు. వీళ్లు శుభ్రపడిపోయారు” అని బాధపడ్డాడు. నల్ల బట్టల్లో మా ప్రతి కచేరీకీ వచ్చే కుర్రాళ్లు కొందరు మేం సబ్బు కంపెనీకి అమ్ముడుపోయామని తేల్చారు. మా యజమానికి మాత్రం తెగ నచ్చింది. దుకాణంలో రోజంతా అదే పెట్టేవాడు. “కస్టమర్లు తొందరపడకుండా ప్రశాంతంగా చూసుకుంటున్నారయ్యా” అనేవాడు. మనిషి ఒంటరితనం గురించి నేను గుండె చించుకుని పాడుతుంటే, ఆ తాళానికి తల ఊపుతూ జనం స్నానాల గదికి లేత నీలం ఎంచుకునేవాళ్లు. మొదట్లో కుమిలిపోయాను. కొన్నాళ్లకి, మాట తేటగా వినపడుతోంది కదా, మధ్యలో ఎవరైనా ఆగుతారేమోనని గమనించడం మొదలుపెట్టాను. ఆఖరి పాటకి ఆగేవాళ్లు. చేతిలో పలక పట్టుకునే నిలబడి, అది అయ్యాక, “ఆ అరిచినావిడ ఎవరు?” అని అడిగేవాళ్లు. పాడినవాడెవరని ఒక్కరూ అడగలేదు.

కచేరీ ఒక చిన్న హాల్లో పెట్టుకున్నాం. ముప్పావు వంతు నిండింది, మా చరిత్రలో అదే ఎక్కువ. అమ్మ మూడో వరసలో కూర్చుంది, స్టేజెక్కనని ముందే చెప్పేసింది. ఆవిడ కేక రికార్డు నుంచి వచ్చేలా ఉరుము ఒక మీట పెట్టుకున్నాడు. ఆఖరి పాట, పల్లవి వచ్చింది, ఉరుము మీట నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. నేను అలవాటు చొప్పున గోడవైపు చూస్తూ, లోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను.

“టమాటా! పాతిక గంపలు!”

హాలంతా వెనక్కి తిరిగింది. అమ్మ కూర్చున్నచోటే లేచి నిలబడింది. మైకు లేదు, అక్కర్లేదు కూడా.

“ఒకటోసారి! రెండోసారి!”

వెనక వరసలో ఒక కుర్రాడు ఉత్సాహం పట్టలేక, “మూడోసారి!” అని అరిచాడు.

అమ్మ వాడి వైపు తిరిగింది. “ఎవరు బాబూ నువ్వు? నీ సరుకా అది?”

హాలు గొల్లుమంది. ఆ కుర్రాడు కుర్చీలో కుంచించుకుపోయి, “సారీ అమ్మా” అన్నాడు. వదినకి నవ్వాగక బేస్ తప్పింది, ఉరుము తాళం తప్పింది, నేను మాట మర్చిపోయాను. పాట పూర్తిగా పడిపోయింది. మళ్లీ మొదట్నించీ ఎత్తుకున్నాం. ఈసారి అమ్మ ‘రెండోసారి!’ అన్నాక హాల్లో ఒక్కరూ దగ్గలేదు. నేను గోడవైపు కాకుండా మూడో వరస వైపు చూసి పాడాను. అక్కడ అమ్మ ఒళ్లో సంచీ పెట్టుకుని, నేను మాటలు సరిగ్గా పలుకుతున్నానో లేదో చూస్తున్నట్టు, పెదాలు కదుపుతూ కూర్చుంది.

అయిపోయాక స్టేజి పక్కన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాను. నల్ల లిప్‌స్టిక్ వేసుకున్న ఒక అమ్మాయి జనాన్ని తోసుకుంటూ నా వైపే వచ్చింది. నేను తువ్వాలు పక్కన పెట్టి, జుట్టు సరిచేసుకుని, సంతకానికి కలం ఉందా అని జేబులు తడుముకున్నాను.

“అన్నా, కొంచెం పక్కకి జరుగుతారా? వెనకాల అమ్మగారు ఉన్నారు” అంది.

జరిగాను. ఫోను నా చేతికిచ్చి, “మీరే తియ్యండి, ప్లీజ్” అంది.

ఆ అమ్మాయి అమ్మ భుజం మీద చెయ్యేసింది. అమ్మ చెంగు సర్దుకుని, “చిన్నోడా, ఫోను తిన్నగా పట్టుకో. పక్కకి వాలుతోంది” అంది. తిన్నగా పట్టుకుని తీశాను. ఇద్దరూ చాలా బాగా వచ్చారు. ఓ మూల నా వేలు కూడా పడింది.